పేరు కొట్టివేసేదెవరు?

ఏ జాబితాను చూసినా ఒక లక్షణం సమానంగా కనబడుతుంది. పేరు చేర్పించుకోవాలనుకొనేవాడు ఆఫీసు చుట్టూ పదిసార్లు తిరుగుతాడు. పేరు తీసివేయించడానికి మాత్రం ఎవరూ తిరగరు. రేషను కార్డులో కాలం చేసిన తాతగారి పేరు ఏళ్ళ తరబడి ఉండిపోవడం, ఓటర్ల జాబితాలో అత్తవారింటికి వెళ్ళిపోయిన ఆడపడుచు పేరు పుట్టింటి చిరునామాలోనే మిగిలిపోవడం మనకు కొత్త కాదు. చేర్చడంలో ఎవరో ఒకరికి అవసరం ఉంటుంది. తీసివేయడంలో ఎవరికీ ఉండదు. కంప్యూటరు నెట్‌వర్కులలో ఈ చిన్న తేడాయే ఎంత పెద్ద ప్రమాదానికి దారి తీస్తున్నదో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

దూరం నుంచి ఆఫీసు నెట్‌వర్కులోకి ప్రవేశించడానికి అనుమతి ఉన్నవాళ్ళ జాబితాల గురించి మాట్లాడబోతున్నాను. సాంకేతికుల భాషలో వీటిని డైరెక్టరీ గ్రూపులు అంటారు. ఆ పేరు వినగానే ఇది యంత్రాల విషయమనీ, యంత్రాలు నడిపేవాళ్ళు చూసుకొంటారనీ అనిపిస్తుంది. కొన్నేళ్ళు ఆ యంత్రాలు నడిపే పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. ఎవరు ఏ గ్రూపులో ఉండాలన్నది యంత్రం నడిపేవాడికి తెలిసే సంగతి కాదు. ఆ మనిషి చేత పని చేయించుకొనేవాడికి తెలిసే సంగతి. తెలిసినవాడి చేతిలో అధికారం లేదు, అధికారమున్నవాడికి సంగతి తెలియదు. మన సంస్థలలో ఏర్పాటు ఇలా ఉన్నది.

ముందుగా మాటల సంగతి. యూజరును వాడుకరి అనీ, పాస్‌వర్డును సంకేతపదమనీ అనడం మనకు అలవాటైపోయింది. డైరెక్టరీకి నామావళి అనవచ్చును గాని, టెలిఫోను డైరెక్టరీ పుణ్యమా అని ఆ మాట మన ఇళ్ళలోకి ఎన్నడో వచ్చి చేరినది కాబట్టి దానినే వాడతాను. నిజానికి ఈ రెండు డైరెక్టరీలకూ చుట్టరికం ఉన్నది. 1988లో ఎక్స్.500 అనే ప్రమాణాన్ని తయారుచేసిన వాళ్ళలో ముఖ్యులు టెలిఫోను రంగంవారే. ఒక సంస్థలోని మనుషులు, వారి విభాగాలు, చిరునామాలు అన్నీ ఒక చెట్టు కొమ్మల వలె అమర్చి, ఎక్కడి నుంచైనా వెదకగలిగేలా చేయాలన్నది వారి ఆలోచన. అది చాలా బరువైన ఏర్పాటు. దానిని తేలిక చేసి, మిషిగన్ విశ్వవిద్యాలయం వారి చొరవతో 1993లో ఎల్‌డ్యాప్ వచ్చింది. ఆ పేరులోని మొదటి అక్షరానికి అర్థమే తేలిక అని. 2000లో మైక్రోసాఫ్టు తన విండోస్ 2000తో పాటు యాక్టివ్ డైరెక్టరీని తెచ్చిన తరువాత, చిన్నా పెద్దా ఆఫీసులన్నిటికీ ఈ చెట్టు పాకింది.

దూరం నుంచి వచ్చేవాణ్ణి తలుపు దగ్గర రెండు ప్రశ్నలు అడగాలి. నీవెవరవు? నీకిక్కడ ఏం పని? మొదటిదాన్ని ధ్రువీకరణ అనీ, రెండవదాన్ని అనుమతి అనీ అందాము. సంకేతపదం మొదటి ప్రశ్నకు జవాబు. గ్రూపు రెండవ ప్రశ్నకు జవాబు. మన జాగ్రత్తలన్నీ, మన ఖర్చంతా, మన పత్రికలలో వచ్చే హెచ్చరికలన్నీ మొదటి ప్రశ్న చుట్టూనే తిరుగుతుంటాయి. సంకేతపదం పొడుగ్గా ఉండాలి, ఎవరికీ చెప్పకూడదు, ఎక్కడా వ్రాసిపెట్టుకోకూడదు. మంచిదే. రెండవ ప్రశ్న గురించి ఇందులో పదోవంతు శ్రద్ధ కూడా కనబడదు.

తలుపు దగ్గర ఏం జరుగుతుందో కొంచెం వివరిస్తాను. మీరు ఇంట్లో కూర్చుని వీపీఎన్ తెరిచి పేరూ, సంకేతపదమూ కొడతారు. అవి ఆఫీసు అంచున ఉన్న వీపీఎన్ పరికరానికి చేరతాయి. చాలాచోట్ల ఆ పరికరం తనంతట తాను నిర్ణయం తీసుకోదు. లోపల ఉన్న రేడియస్ సర్వరును అడుగుతుంది. ఈ రేడియస్ పద్ధతిని 1991లో లివింగ్‌స్టన్ ఎంటర్‌ప్రైజెస్ అనే సంస్థ, టెలిఫోను తీగల మీదుగా మోడెములతో నెట్‌వర్కులోకి వచ్చేవారి కొరకు తయారుచేసింది. మోడెములు పోయినా అది పోలేదు. ఇప్పటికీ వీపీఎన్లకూ, కళాశాలల వైఫైలకూ అదే ఆధారం. రేడియస్ సర్వరు డైరెక్టరీని అడిగి, ఈ పేరుకు ఈ సంకేతపదం సరిపోయినదా, ఈ మనిషి ఫలానా గ్రూపులో ఉన్నాడా అని చూస్తుంది. రెండూ సరిపోతే రానిమ్మంటుంది, లేకపోతే వద్దంటుంది. రానిమ్మన్నప్పుడు జవాబుతో పాటు ఒక చీటీ వంటిది కూడా పంపవచ్చు. ఇతడు ఖాతాల విభాగంవాడు, ఖాతాల సర్వర్ల వరకే వెళ్ళనివ్వు అని ఆ చీటీలో ఉంటుంది. అంటే గ్రూపు తలుపును తెరవడంతో ఆగదు. లోపల ఏ గదికి వెళ్ళవచ్చునో కూడా అదే చెబుతుంది.

గ్రూపుల పద్ధతి రాక ముందు దీనికంటే మోటుగా ఉండేది. విండోస్ ఎన్‌టీ కాలంలో దూరం నుంచి వచ్చే అనుమతిని ఒక్కొక్క వాడుకరి పేరు తెరిచి, అక్కడున్న గడిలో టిక్కు పెట్టి ఇచ్చేవారు. మూడు వందల మంది ఉంటే మూడు వందల గడులు. విండోస్ 2000తో ఆ నిర్ణయాన్ని గ్రూపు చేతికి అప్పగించే వీలు కలిగింది. ఒక్క నియమం వ్రాసి, ఈ గ్రూపులో ఉన్నవాళ్ళు రావచ్చునంటే చాలు. ఇది నిజంగా గొప్ప సౌకర్యం, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే పాత పద్ధతిలో టిక్కు పెట్టేవాడు కనీసం ఆ మనిషి పేరు తెరిచి చూసేవాడు. కొత్త పద్ధతిలో ఆ మనిషి వంక చూడవలసిన పని కూడా తప్పింది. నియమం ఒకసారి వ్రాస్తే పదేళ్ళు అలాగే నడుస్తుంది, జాబితా మాత్రం రోజూ పెరుగుతూ ఉంటుంది.

జాబితా ఎలా పెరుగుతుందో చూడండి. ఒక విభాగం నుంచి ఫోను వస్తుంది. "సార్, మా దగ్గరకు కొత్తాయన వచ్చారు, రేపు పొద్దున్నే పని మొదలుపెట్టాలి, కొంచెం త్వరగా చేర్చండి." చేర్చేవాడికి ఇది రెండు నిమిషాల పని. ఏ గ్రూపులో చేర్చాలో తెలియకపోతే, పక్కసీటు ఆయన ఏయే గ్రూపులలో ఉన్నాడో చూసి ఇతణ్ణీ వాటన్నిటిలో చేరుస్తారు. పక్కసీటు ఆయనకు అంతకు ముందు మూడు విభాగాలలో పనిచేసిన చరిత్ర ఉంటుంది. ఆ మూడు విభాగాల అనుమతులూ కొత్తవాడికి వారసత్వంగా వచ్చేస్తాయి. ఎంతకాలానికి అని ఫోను చేసినవాడు చెప్పడు, ఫోను ఎత్తినవాడు అడగడు. ఆరు నెలల తరువాత ఆ పని ముగిసినప్పుడు మరొక ఫోను రావాలి. అది రాదు. రాకపోయినందుకు ఎవరి పనీ ఆగదు కాబట్టి రాలేదన్న సంగతి కూడా ఎవరికీ తెలియదు.

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌను మొదలైనప్పుడు ఈ ఫోన్లు వరదగా వచ్చాయి. మాదాపూరు, గచ్చిబౌలి ఆఫీసులు ఖాళీ అయిపోయి, వాటిలోని ఉద్యోగులు తమ తమ ఊళ్ళు చేరుకొని పెరట్లోనో, మేడమీదనో కూర్చుని పనిచేశారు. అంతవరకూ కొద్దిమందికే ఉండిన వీపీఎన్ అనుమతి రోజుల వ్యవధిలో అందరికీ ఇవ్వవలసి వచ్చింది. ఆ సమయంలో అది తప్పనిసరి. ఆ పని చేసిన కుర్రవాళ్ళు రాత్రింబవళ్ళు మేలుకొని ఎన్నో జీతాలు ఆగకుండా కాపాడారు. నా ఫిర్యాదు వాళ్ళ మీద కాదు. ఆఫీసులు మళ్ళీ తెరిచిన తరువాత, ఆ తొందరలో చేర్చిన పేర్లను తీసి చూడమని ఎందరు పెద్దలు అడిగారన్నదే నా ప్రశ్న.

అడగకపోతే ఏమవుతుందో తెలిపే ఉదాహరణలు ఉన్నాయి. అమెరికాలో టెక్సాసు నుంచి న్యూజెర్సీ వరకు సుమారు 8,850 కిలోమీటర్ల పొడుగున పెట్రోలు, డీజిలు మోసుకుపోయే కలోనియల్ పైపులైను ఉన్నది. తూర్పు తీరానికి కావలసిన ఇంధనంలో దాదాపు 45 శాతం దానిలోనే పోతుంది. 2021 మే 7న అది ఆగిపోయింది. దుండగులు ఆ సంస్థ కంప్యూటర్లలోకి చొరబడి, దస్త్రాలకు తాళం వేసి డబ్బు అడిగారు. సంస్థ 75 బిట్‌కాయిన్లు, అంటే ఆనాటి విలువలో దాదాపు 44 లక్షల డాలర్లు చెల్లించింది. అయిదారు రోజులు పైపులైను మూతబడి, ఆగ్నేయ రాష్ట్రాలలో పెట్రోలు బంకుల ముందు బారులు తీరారు. జూన్ 8న ఆ సంస్థ అధిపతి అమెరికా సెనేటు కమిటీ ముందు చెప్పిన దాని ప్రకారం, దుండగులు వచ్చిన దారి ఒక పాత వీపీఎన్ ఖాతా. అది వాడుకలో ఉండవలసినది కాదు. సంకేతపదం తేలికగా ఊహించగలిగినది కాదని కూడా ఆయన చెప్పారు. కాని రెండవ ధ్రువీకరణ, అంటే ఫోనుకు వచ్చే అంకెల వంటిది, ఆ దారికి లేదు.

రెండవది ఇంకా స్పష్టమైనది. 2024 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వపు సైబరు భద్రతా సంస్థ సీసా ఒక హెచ్చరికను వెలువరించింది. అక్కడి ఒక రాష్ట్ర ప్రభుత్వ విభాగంలో, ఉద్యోగం వదిలివెళ్ళిపోయిన ఒక వ్యక్తి ఖాతాను వాడుకొని దుండగులు వీపీఎన్ ద్వారా లోపలికి ప్రవేశించారు. ఆ ఖాతాకు నిర్వాహకుల స్థాయి అనుమతులున్నాయి. మనిషి వెళ్ళిపోయాడు, పేరు ఉండిపోయింది, పేరుతో పాటు అధికారమూ ఉండిపోయింది. ఆ పేరును తీసివేయడానికి ఏ గొప్ప పరిజ్ఞానమూ అవసరం లేదు. ఎవరో ఒకరు ఇది నా పని అనుకోవడం చాలు.

ఈ రెండు ఉదాహరణలనూ చెప్పినప్పుడల్లా నాకు వినిపించే జవాబు ఒకటే. రెండవ ధ్రువీకరణ పెట్టేస్తే సరిపోతుంది కదా అని. పెట్టాలి, తప్పక పెట్టాలి. ఈ రెండు చోట్లా అది ఉండి ఉంటే దుండగుల పని చాలా కష్టమయ్యేది. అయితే ఒక్క సంగతి గమనించండి. ఎన్ని ధ్రువీకరణలు పెట్టినా అవి జవాబిచ్చేది మొదటి ప్రశ్నకే. కాంట్రాక్టు ముగిసిన మనిషి తన సంకేతపదమే కొడతాడు, అంకెలు తన ఫోనుకే వస్తాయి, అతడు నిజంగా అతడే. వచ్చినవాడు మోసగాడు కాదు, అతనికి ఇక్కడ పని లేదు, అంతే. ఆ సంగతి తెలిసిన యంత్రం ఏదీ లేదు, గ్రూపులో అతని పేరు లేకపోవడం తప్ప.

పోనీ జాబితాను ఒకసారి తెరిచి చూద్దామంటే, చూసినదంతా నిజం కాదు. గ్రూపులో మనుషులనే కాక, ఇతర గ్రూపులను కూడా చేర్చవచ్చు. ఒక పెద్ద సంస్థలో నేను చూసిన జాబితాలో అయిదే పేర్లున్నాయి. వాటిలో ఇద్దరు మనుషులు, మూడు గ్రూపులు. ఆ మూడింటిలో ఒకదాని లోపల మరొక రెండు. అట్టడుగు వరకూ దిగి లెక్కపెట్టగా తేలినవారు మూడు వందల పైచిలుకు. పైన ఉన్న అయిదు పేర్లను చూసి అంతా సవ్యంగా ఉన్నదని సంతకం పెట్టిన పెద్దమనిషి అబద్ధమాడలేదు, తనకు చూపించినది చూశాడు. దీనికి వ్యతిరేకమైన చిక్కు కూడా ఉన్నది. ఎల్‌డ్యాప్ ద్వారా మామూలుగా అడిగితే డైరెక్టరీ నేరుగా చేర్చిన పేర్లనే చెబుతుంది. గ్రూపులో గ్రూపుగా ఉన్నవాటిని కూడా దిగి చూడమని యాక్టివ్ డైరెక్టరీని ప్రత్యేకంగా అడగాలి. కొన్ని పరికరాలు అలా అడుగుతాయి, కొన్ని అడగవు. ఒకే గ్రూపు ఒక తలుపు దగ్గర మూడు వందల మందినీ, మరొక తలుపు దగ్గర ఇద్దరినీ రానివ్వడం ఇందువల్లనే.

పేరు కొట్టివేసిన క్షణంలో మనిషి బయటికి వచ్చేస్తాడని కూడా అనుకోకూడదు. రేడియస్ సర్వరును తలుపు తెరిచేటప్పుడే అడుగుతారు. ఒకసారి లోపలికి వచ్చినవాడు తనంతట తాను వెళ్ళేవరకో, గడువు పెట్టి ఉంటే ఆ గడువు తీరేవరకో లోపలే ఉంటాడు. మధ్యలో పిలిచి బయటికి పంపే పద్ధతి రేడియస్‌కు 2003లో ఒక అనుబంధంగా వచ్చింది, 2008లో దాన్ని సవరించారు. అయినా దాన్ని అమర్చుకోకపోతే అది ఉన్నా లేనట్టే. గొడవపడి ఉద్యోగం మానేసిన మనిషి పేరును సాయంత్రం అయిదింటికి కొట్టివేసి ఊపిరి పీల్చుకొంటారు. అతని కంప్యూటరు నాలుగింటి నుంచే లోపల ఉన్నదేమో ఎవరూ చూడరు.

మానవ వనరుల విభాగం జాబితాతో డైరెక్టరీని ముడిపెడితే చిక్కంతా తీరుతుందన్నది మరొక వాదన. ఉద్యోగి రాజీనామా వారి దగ్గర నమోదు కాగానే ఖాతా దానంతట అదే మూతబడుతుంది. ఇది మంచి ఏర్పాటు. ఉన్నచోట ఉంచాలి, లేనిచోట తేవాలి. కాని అది తీర్చేది సగం చిక్కునే. ఉద్యోగం ఎప్పుడు ముగిసిందో ఆ విభాగానికి తెలుస్తుంది, అవసరం ఎప్పుడు ముగిసిందో తెలియదు. ఖాతాల విభాగం నుంచి అమ్మకాల విభాగానికి మారినవాడు ఉద్యోగం మానలేదు. అతడు జీతాల సర్వరును ఇంకా చూడగలగడం మాత్రం తప్పు. మన హైదరాబాదులో ఇంకొక సంగతి కూడా ఉన్నది. పనిచేసేవాళ్ళలో చాలామంది ఆ సంస్థ ఉద్యోగులే కారు. ఒక సంస్థ తరఫున మరొక సంస్థ, దాని తరఫున ఇంకొక చిన్న సంస్థ పంపిన కాంట్రాక్టు మనుషులు. వాళ్ళ పేర్లు ఎవరి మానవ వనరుల జాబితాలో ఉన్నాయో వెదికితే, తలుపు ఉన్న సంస్థ జాబితాలో మాత్రం ఉండవు.

మరి ఆడిటర్లున్నారు కదా అంటారు. ఉన్నారు. మూడు నెలలకొకసారి విభాగాధిపతికి రెండు వందల పేర్లతో ఒక పట్టిక వస్తుంది. ప్రతి పేరుకూ ఎదురుగా ఉంచాలా, తీసివేయాలా అని వ్రాయాలి. ఆయన ఆ పట్టికను ఎలా పూర్తిచేస్తాడో ఆఫీసులో పనిచేసిన ప్రతివారికీ తెలుసు. మొదటి గడిలో 'ఉంచాలి' అని వ్రాసి, మౌసును కిందికి లాగుతాడు. ఆయనను నిందించి లాభం లేదు. పొరపాటున పనికివచ్చేవాడిని తీసివేస్తే మర్నాడే ఆయన పని ఆగుతుంది. పనికిరానివాడిని ఉంచితే ఆయనకు ఇవాళా, రేపూ ఏమీ కాదు. ప్రశ్నను అలా అడిగితే జవాబు అలాగే వస్తుంది.

కాబట్టి ప్రశ్న అడిగే తీరు మార్చాలి. రెండు వందల పేర్లు చూపించనక్కరలేదు. తొంభై రోజులుగా ఈ దారిన రానివాళ్ళ పేర్లు మాత్రం చూపించండి. ఆ సమాచారం మన దగ్గర ముందునుంచీ ఉన్నది. రేడియస్‌కు మూడు బాధ్యతలు. ధ్రువీకరణ, అనుమతి, మూడవది లెక్క. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు వెళ్ళారు అని అది వ్రాసి ఉంచగలదు. ఆ చిట్టాను అమర్చుకొన్నవాళ్ళు కూడా దొంగతనం జరిగిన తరువాతనే తెరిచి చూస్తారు. డైరెక్టరీలో కూడా చివరిసారి వచ్చిన తేదీ ఒకటి ఉంటుంది గాని, యాక్టివ్ డైరెక్టరీ సర్వర్లన్నీ పంచుకొనే ఆ తేదీ మామూలు అమరికలో రెండు వారాల వరకూ వెనుకబడి ఉండవచ్చు. పైగా అది ఏ దారిన వచ్చాడో చెప్పదు. చిట్టాయే నమ్మదగినది. రెండు వందల పేర్లు పన్నెండు పేర్లయినప్పుడు విభాగాధిపతి ఒక్కొక్క పేరు దగ్గరా ఆగుతాడు. అక్కడ ఆయనకు తెలిసిన సంగతి బయటికి వస్తుంది. 'ఈయన గత ఏడాదే వెళ్ళిపోయాడే!' అన్న మాట నేను చాలాసార్లు విన్నాను.

నేను కోరుతున్నవి మూడు. మొదటిది, ప్రతి గ్రూపుకూ ఒక యజమాని ఉండాలి. యంత్రాలు నడిపే విభాగం కాదు, పని చేయించుకొనే విభాగంలోని ఒక మనిషి, పేరుతో సహా. యాక్టివ్ డైరెక్టరీలో గ్రూపును తెరిస్తే దాని నిర్వాహకుడి పేరు వ్రాయడానికి ఒక చోటు ఉన్నది. ఆ నిర్వాహకుడే పేర్లు చేర్చి, తీసివేయవచ్చునని అధికారమిచ్చే గడి కూడా అక్కడే ఉన్నది. ఇది నిన్నమొన్న వచ్చిన సౌకర్యం కాదు. అయినా నేను తెరిచి చూసిన గ్రూపులలో ఆ చోటు చాలావరకు ఖాళీగానే ఉండేది. ఆ గ్రూపు దేనికొరకో తెలిపే వివరణ గడి కూడా అంతే. 'వీపీఎన్ కొత్త 2' అన్న పేరు తప్ప మరేమీ లేని గ్రూపును చూసి, ఇది దేనికి అని అడిగితే, పెట్టినాయన వెళ్ళిపోయాడని జవాబు వస్తుంది. యజమాని కూడా ఒకనాడు వెళ్ళిపోతాడు కాబట్టి, అతని తరువాత ఎవరన్నది కూడా వ్రాసి ఉండాలి. యజమాని లేని గ్రూపును తలుపు దగ్గర చెల్లనివ్వకూడదు.

రెండవది, చేర్చేటప్పుడే ముగింపు తేదీ పెట్టాలి. ఎంతకాలానికి అన్న ప్రశ్నకు జవాబు లేని అభ్యర్థనను తీసుకోకూడదు. తెలియదంటే ఆరు నెలలు అనుకోవచ్చు. విండోస్ సర్వర్ 2016 నుంచి గ్రూపు సభ్యత్వానికే గడువు పెట్టే సౌకర్యం వచ్చింది. గడువు తీరగానే పేరు దానంతట అదే తొలగిపోతుంది. అది లేనిచోట ఒక చిన్న స్క్రిప్టు, ఒక తేదీల పట్టిక చాలు. దీనితో అవసరం తారుమారవుతుంది. ఉంచడానికి కూడా ఇక ఎవరో ఒకరు అడగవలసి వస్తుంది. పని ఉన్నవాడు అడుగుతాడు, పని లేనివాడి కొరకు ఎవరూ అడగరు. మొదట చెప్పిన మానవ స్వభావమే ఇక్కడ మనకు కాపలా కాస్తుంది.

మూడవది, తీసివేతకు కూడా ఒక మర్యాద ఉండాలి. ఇంతవరకూ నేను చెప్పినది చదివి, సరే, తొంభై రోజులు రానివాళ్ళందరినీ రేపే ఊడ్చిపారేద్దామని ఎవరైనా బయలుదేరితే, దానికి నేను ఒప్పుకోను. ఓటర్ల జాబితాల విషయంలో మనకు ఈ అనుభవం ఉన్నది. పేరు చేర్చడానికి ఫారం 6 ఉన్నట్టే, తీసివేయడానికి ఫారం 7 ఉన్నది. తీసివేసే ముందు ఆ మనిషికి తెలియజేసి, చెప్పుకొనే అవకాశం ఇవ్వాలని నిబంధన కూడా ఉన్నది. అయినా 2018 డిసెంబరు 7న తెలంగాణ శాసనసభ ఎన్నికలలో ఎంతోమంది పోలింగు కేంద్రానికి వెళ్ళి, జాబితాలో తమ పేర్లు లేవని తెలుసుకొని తిరిగివచ్చారు. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి క్షమాపణ చెప్పవలసి వచ్చింది. జాబితాను శుభ్రం చేయాలన్న సదుద్దేశం, మనిషిని అడగకుండా చేస్తే, మనిషినే చెరిపివేస్తుంది.

నెట్‌వర్కులో ఇది ఎవరికి తగులుతుందో కూడా చూడాలి. ఆరు నెలలు ప్రసూతి సెలవులో ఉండి తిరిగివచ్చిన ఒక ఉద్యోగినికి మొదటి రోజున తలుపు తెరుచుకోలేదు. ఆమెకు ఎవరూ ముందుగా చెప్పలేదు. మళ్ళీ చేర్చడానికి పై అధికారి సంతకం కావాలన్నారు, ఆ అధికారి ఈలోగా మారిపోయాడు. నాలుగు రోజులు ఆమె కుర్చీలో ఊరికే కూర్చున్నది. గంటల లెక్కన డబ్బు వచ్చే కాంట్రాక్టు మనిషికి ఆ నాలుగు రోజులు నెల జీతంలో కోత. కాబట్టి తీసివేసే ముందు పదిహేను రోజులకు ఆ మనిషికీ, గ్రూపు యజమానికీ కబురు వెళ్ళాలి. సెలవులో ఉన్నవాళ్ళకు అనుమతిని ఆపి ఉంచడం వేరు, కొట్టివేయడం వేరు. ఆపినదాన్ని ఒక్క మాటతో తిరిగి తెరిచే దారి ఉండాలి. వెళ్ళిపోయినవాడి విషయంలో మాత్రం కబురూ లేదు, గడువూ లేదు. పేరు కొట్టివేసి, లోపల ఉన్నాడేమో చూసి, ఉంటే ఆ దారిని కూడా తెంచాలి.

చివరగా ఒక సందేహం. వీపీఎన్ల కాలమే ముగుస్తున్నదనీ, ఇప్పుడు ఎవరినీ ముందుగా నమ్మని పద్ధతి వచ్చిందనీ, ఈ గ్రూపుల గొడవ ఎందుకనీ అనేవారున్నారు. జీరో ట్రస్ట్ అనే ఆ పద్ధతికి 2020 ఆగస్టులో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్టు మార్గదర్శక పత్రం కూడా వెలువరించింది. అందులో తలుపు ఒక్కచోట ఉండదు, ప్రతి గదికీ ఒక తలుపు ఉంటుంది, ప్రతి తలుపు దగ్గరా ప్రశ్న అడుగుతారు. మంచిదే. కాని ఏమని అడుగుతారు? పరికరం మంచిదేనా, చోటు ఎక్కడ అన్న కొత్త ప్రశ్నలు చేరాయి గాని, నీవెవరవు, నీకిక్కడ ఏం పని అన్న పాత ప్రశ్నలు పోలేదు. రెండవదానికి జవాబు వెదకడానికి ఆ కొత్త యంత్రమూ తరచు ఈ పాత గ్రూపుల దగ్గరికే వస్తుంది. గ్రూపులో చెత్త ఉంటే ఒక తలుపుకు బదులు నూరు తలుపులు ఆ చెత్తను నమ్ముతాయి.

ధ్రువీకరణను యంత్రానికి అప్పగించడం సాధ్యమే, అప్పగించాము కూడా. అనుమతి అలాంటిది కాదు. ఒక మనిషికి మరొక మనిషితో ఉన్న పని సంబంధం అది. ఆ సంబంధం మొదలైన సంగతీ, ముగిసిన సంగతీ మనుషులే చెప్పాలి. మీలో ఎవరైనా ఒక చిన్న బృందానికి పెద్దగా ఉంటే ఈ వారం ఒక పని చేయండి. మీ బృందం పేరున ఉన్న గ్రూపులలో ఎవరెవరున్నారో, లోపలి గ్రూపులతో సహా విప్పి ఇమ్మని నెట్‌వర్కు వాళ్ళను అడగండి. మీకు తెలియని పేరు ఒకటైనా తప్పక ఉంటుందని నా నమ్మకం. ఆ పేరు ఎవరిదో కనుక్కోవలసినది వాళ్ళు కాదు, మీరే.